కంటాసుపత్రి గోడమీద ఎడమ మూల

ఒకే వారంలో ముగ్గురు పేషెంట్లు ఒకే ఫిర్యాదు చేసేసరికి కంటి డాక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. శుక్లం ఆపరేషన్ చేసి, మర్నాడు కట్టు విప్పి, "ఎలా ఉంది, కనిపిస్తోందా?" అని అడిగితే ముగ్గురూ మొహం చేటంత చేసుకున్నారు. తర్వాత బయట హాల్లో పది నిమిషాలు కూర్చుని, మళ్ళీ లోపలికొచ్చి, "అంతా బానే ఉంది గానీ డాక్టరుగారూ, ఎడమవైపు కింద మసగ్గా ఉంది" అన్నారు. మొదటి ఇద్దరికీ ఆవిడ మళ్ళీ చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి, ఏ లోపమూ కనపడక, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలెమ్మని పంపేసింది. మూడో ఆయన రిటైరైన రైలు గార్డు. ముప్ఫయ్యేళ్ళపాటు పచ్చజెండా, ఎర్రజెండా చూసీ చూపించీ బతికినవాడు. చూపు సంగతిలో ఆయన్ని మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇదే కంటికి మళ్ళీ ఆపరేషన్ చేస్తేగానీ కుర్చీలోంచి లేవనని భీష్మించుకు కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని బతిమాలి హాల్లోకి తీసుకొచ్చి, ఆయన కూర్చున్న బెంచీ మీదే తనూ కూర్చుని, ఆయన చూసినవైపే చూసింది. ఎదురుగోడ నిండా పదడుగుల పొడుగున ఒక లోయ ఫోటో. కొండమీంచి తీసింది. మధ్యలో చెరువు, చుట్టూ పొలాలు, వెనక నీలంగా కొండల వరస. ఎడమవైపు కింద మాత్రం, బండరాళ్ళూ పొదలూ ఉండాల్సిన చోట, ఎవరో తడిగుడ్డ పెట్టి అలికేసినట్టుంది.

"నాకూ మసగ్గానే ఉందండీ" అంది డాక్టరమ్మ.

గార్డు ఆవిడవంక జాలిగా చూశాడు. "మీరు కూడా చూపించుకోండి మరి" అన్నాడు.

ఆ ఫోటో తీసినవాడు హైస్కూలు డ్రాయింగు మాస్టారు. పిల్లలకి కుండలూ, ఆకులూ, త్రికోణాలూ గీయించగా మిగిలిన కాలమంతా కెమెరా మెళ్ళో వేసుకుని కొండలెక్కుతూ ఉంటాడు. ఆసుపత్రికి కొత్త హాలు కట్టినప్పుడు డాక్టరమ్మ ఏరి కోరి ఆయన ఫోటో పెట్టించింది. తన ఫోటో గోడంత ఎత్తున చూసుకున్న రోజున మాస్టారు నేలమీద నడవలేదు. నెల తిరక్కుండా ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. ఇంకో గోడకి ఇంకో ఫోటో అడుగుతారేమోనని సైకిలు తొక్కుకుంటూ ఆగమేఘాల మీద వెళ్ళాడు.

"మాస్టారూ, మీ ఫోటోకి ఆపరేషన్ చెయ్యాలి" అంది డాక్టరమ్మ.

సంగతంతా విన్నాక మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "అంత దగ్గరికెళ్ళి మూలలు ఎవరు చూస్తారండీ?" అని గొణిగాడు.

"ఇది కంటాసుపత్రండీ. ఇక్కడికి వచ్చేవాళ్ళకి చూడ్డమే పని. కట్టు విప్పాక వాళ్ళు మొట్టమొదట చూసేది మీ బొమ్మే. అది మసగ్గా ఉంటే నా చెయ్యి తప్పిందనుకుంటున్నారు. పదిహేను రోజులు టైమిస్తాను. మూలమూలలా స్పష్టంగా ఉండే బొమ్మ తెస్తే సరేసరి. లేకపోతే గోడకి సున్నం వేయించేస్తాను."

మాస్టారు ఇంటిదారి పట్టాడు గానీ అడుగు పడలేదు. ఆయన్ని కుదిపేసింది డాక్టరమ్మ మాట కాదు. ఫిర్యాదు చేసిన ఆ ముగ్గురిలో మొట్టమొదటి మనిషి సాక్షాత్తూ ఆయన అత్తగారు.

అత్తగారిది వేరే ఊరు. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లల్ని పిలవాల్సిన రోజొచ్చేసరికి కూతురు బలవంతాన పిలిపించి ఆపరేషన్ చేయించింది. కట్టు విప్పిన రోజున ఇంటికొస్తూ ఆవిడ, "అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి. మీ బొమ్మలో ఎడమపక్క కుట్టు ఊడినట్టుంది" అని మెల్లిగా అంది. "కంట్లో ఇంకా నీళ్ళున్నాయి కదండీ అత్తయ్యగారూ, రెండ్రోజులు ఓపిక పట్టండి" అని మాస్టారు పెద్దరికంగా సమాధానం చెప్పాడు. "అలాగేనండీ" అందావిడ. ఆ ఇద్దరిమధ్యా పద్దెనిమిదేళ్ళుగా ఉన్న సంబంధం అలాంటిది. మీరంటే మీరనుకోవడం, ఒకరు గదిలోకి వస్తే ఇంకొకరు లేచి నిలబడ్డం, కాఫీ గ్లాసు కూడా చేతికివ్వకుండా బల్లమీద పెట్టడం.

ఇంట్లో అడుగు పెట్టగానే మాస్టారు చెప్పులు కూడా విప్పకుండా, "అత్తయ్యగారూ, మీ కన్ను బాగానే ఉంది. పాడైంది నా లెన్సు" అన్నాడు.

ఆవిడ కుర్చీలోంచి లేచి, "అయ్యో, అలా అనకండి" అంది. మొహం మాత్రం వెలిగిపోయింది.

మాస్టారి భార్య ఒక ఆఫీసులో టైపిస్టు. మాటల్లో ఆవిడకి మొహమాటం లేదు. "పన్నెండేళ్ళనుంచీ ఆ గొట్టం నేను ఎక్కడ పెట్టినా తిట్టేవారు. తీరా చూస్తే దానికే చూపు లేదా?" అంది.

ఊళ్ళో కెమెరాలు బాగుచేసి, లెన్సులు అద్దెకిచ్చే దుకాణం ఒక్కటే ఉంది. చెప్పుల షాపు పైన, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లమీద. దాని యజమానిని అందరూ అంచులాయన అంటారు. ఎవరు ఏ ఫోటో తెచ్చినా ఆయన మధ్యలో ఉన్న మనిషిని చూడడు. మెళ్ళో వేలాడే భూతద్దం తీసి ముందు నాలుగు మూలలూ చూస్తాడు. తన మనవరాలి ఫోటో చూపిస్తే కూడా, "వెనక గోడ పైమూల ఇటుకలు బాగా వచ్చాయి" అన్న ఘనుడు.

మాస్టారు తన జూమ్ లెన్సుతో బాటు గోడమీది ఫోటోలో ఎడమ మూల మాత్రం ప్రింటు తీసిన ముక్క ఒకటి బల్లమీద పెట్టాడు. అంచులాయన భూతద్దంలోంచి చూసి, ఎవరో పోయినట్టు నిట్టూర్చాడు.

"మాస్టారూ, మీ జూమ్ ఉందే, అది అన్ని పనులూ వచ్చినవాడి లాంటిది. దగ్గరికి లాగమంటే లాగుతుంది, దూరంగా చూపమంటే చూపుతుంది. ఎక్కడికి పిలిస్తే అక్కడికొస్తుంది. పుస్తకమంత ఫోటోకి దాన్ని మించింది లేదు. పదడుగులు పెంచారనుకోండి, బండారం బయటపడుతుంది. ప్రైమ్ లెన్సుకి ఒక్కటే చూపు. లాగదు, తొయ్యదు. మీరే కాళ్ళు కదపాలి. కానీ ఆ ఒక్క పనీ మూలల దాకా చేస్తుంది."

"అన్నీ చేస్తాయా?"

"అక్కడే ఉంది కిటుకు. ప్రైమ్ అన్న పేరు చూసి కొనేవాడు అమాయకుడు. ఏ లెన్సుకి ఆ లెన్సు, ఒక్కోదాన్నీ పట్టి చూడాలి." ఆయన బీరువా తాళం తీసి మూడు లెన్సులు బయటపెట్టాడు. ఇరవైనాలుగు మిల్లీమీటర్లది ఒకటి, మూడింట్లోకీ వెడల్పుగా చూసేది. చేతిలోకి తీసుకుంటే మణికట్టు వంగింది. ముందు అద్దం చిన్న సైజు గిన్నెలా ఉంది, అంచు చుట్టూ బంగారు రంగు గీత. ముప్ఫయ్యైదుది మధ్యరకం. మూడోది యాభైది. నల్లటి ప్లాస్టిక్కు, చూస్తే సీసా మూతలా ఉంది.

మాస్టారు ఆ బంగారు గీతని చూసి అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు.

"రెండ్రోజులు ఇంట్లో పెట్టుకుని పరీక్ష చేసి చూడండి" అన్నాడు అంచులాయన. "నా మాట నమ్మకండి. పెట్టెమీద రాసింది అసలే నమ్మకండి. గోడకి పేపర్లు అంటించి తీయండి. అక్షరం అబద్ధం చెప్పదు."

మర్నాడు పొద్దున్నే మాస్టారు ప్రహరీగోడకి ఆ రోజు పేపరు విప్పి, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, ఖాళీల్లో మిగిలినవీ అంటించాడు. భార్య కాఫీ తాగుతూ వచ్చి చూసి, "ఇంకా నేను చదవలేదు!" అని గోల పెట్టి, చివరికి గోడముందు అటూ ఇటూ నడుస్తూ నిలబడే వార్తలు చదువుకుంది. తర్వాత మాస్టారు ట్రైపాడు నిలబెట్టి, మూడు లెన్సులతోనూ వరసగా తీశాడు. గోడ సరిగ్గా నిండేలా ఒక్కో లెన్సుకీ ట్రైపాడుని ముందుకీ వెనక్కీ జరపాల్సొచ్చింది. లెన్సు లోపల వెలుతురొచ్చే కంత పూర్తిగా తెరిచి ఒకటి, సగం మూసి ఎనిమిదో నంబరులో ఒకటి, ఇంకా మూసి పదకొండులో ఒకటి. కెమెరా కదలకుండా మీట నొక్కాక రెండు సెకన్లు ఊపిరి బిగబట్టేవాడు. అరుగుమీద కూర్చున్న అత్తగారు కూడా తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది.

ఆ ఫోటోల్ని టీవీకి తగిలించి పెద్దవి చేసి చూపిస్తే, అందరిలోకీ బాగా చూడగలిగింది ఆవిడే. డాక్టరమ్మ ఆవిడ కంట్లో దూరం చూపుకి సరిపడా లెన్సు పెట్టింది. దగ్గరివి చూడాలంటే కళ్ళద్దాలు కావాలిగానీ, ఎనిమిదడుగుల అవతల చీమ పాకినా దాని తల ఎటుందో చెప్పగలదు. లెన్సుల నంబర్లు ఆవిడ నోటికి పట్టలేదు. వాటికి తనే పేర్లు పెట్టేసింది. పెద్దది చెంబు, మధ్యది గ్లాసు, చిన్నది మూత.

"చెంబు చూపించండి" అంది. మాస్టారు గర్వంగా చూపించాడు. మధ్యలో అక్షరాలు కత్తితో చెక్కినట్టున్నాయి. "ఎలా ఉంది?" అన్నాడు.

ఆవిడ కొంగు సవరించుకుంది. "బానే ఉందండీ. కుడిపక్క చివర మాత్రం పేపరు వానలో తడిసినట్టుంది."

"అక్కడ గోడ కాస్త లోపలికి వంగి ఉంటుందండీ."

"అలాగా" అందావిడ. ఆ "అలాగా"లో బోలెడు అర్థం ఉంది.

మాస్టారికి అది ముల్లులా గుచ్చుకుంది. నిరూపిద్దామని మళ్ళీ బయటికి పరిగెత్తి, చెంబుని బిగించి, ఈసారి కెమెరాని తలకిందులుగా ట్రైపాడుకి తగిలించి అదే గోడని తీశాడు. తప్పు గోడదైతే మసక గోడ కుడిచివరే ఉండాలి. లెన్సుదైతే ఎడమచివరకి రావాలి. టీవీ ముందు ముగ్గురూ మెడలు చాచారు. కుడిచివర అక్షరాలు ముత్యాల్లా మెరిశాయి. ఎడమచివర వాన కురిసింది.

"గోడ ఏ పాపం ఎరగదు" అంది భార్య.

మాస్టారు మొహం మాడిపోయింది. గ్లాసు పరవాలేదనిపించింది, మూలలు కొంచెం బద్ధకంగా ఉన్నా కంత మూసేకొద్దీ తేరుకున్నాయి. ఆఖరికి మూత తీసిన ఫోటో పెట్టారు. ఎనిమిదిలో తీసింది. మధ్యలో ఎలా ఉందో మూలలోనూ అలాగే ఉంది. కింది ఎడమ మూల కాగితంలో, ఇల్లు అద్దెకివ్వబడును అన్న ప్రకటనలో ఫోన్ నంబరు అత్తగారు కుర్చీలోంచి గడగడా చదివేసింది.

"ఇదే" అంది.

"అబ్బే, దీంతో లాభం లేదండీ" అన్నాడు మాస్టారు. చెంబు మీద మనసు ఇంకా చావలేదు. "దీని చూపు ఇరుకు. లోయలో మూడో వంతు కూడా పట్టదు. గోడకి పట్టాల్సింది లోయంతాను."

"ముక్కలుగా తీసి కలిపి కుట్టకూడదా?"

మాస్టారు నవ్వబోయి ఆగాడు.

"పన్నా చాలని గుడ్డతో పెద్ద తెర కుట్టమంటే ఏం చేస్తాం అల్లుడుగారూ? నిలువు ముక్కలు కోసి, పక్కపక్కన పెట్టి కుడతాం. గళ్ళ గుడ్డైతే గడికి గడి కలవాలి. అందుకని ఒక్కో ముక్కకీ కుట్టుకి మార్జిను వదులుతాం. మీ ఫోటోలకి అది కుదరదా ఏమిటి?"

కుదురుతుందని మాస్టారికి తెలుసు. చాలామంది అలాగే చేస్తారని చదివాడు కూడా. కెమెరా నిలువుగా పెట్టి, కాస్త కాస్త తిప్పుకుంటూ, ఒకదాని అంచు ఇంకొకదాని మీదకి వచ్చేలా వరసగా తీయాలి. తర్వాత కంప్యూటర్లో కలపాలి. ఒక్క దెబ్బలో తీసిన దానిలా కాకుండా, అలా తీసింది ఎంత పెంచినా చెక్కు చెదరదు. ఇన్నాళ్ళూ అంత ఓపిక ఎవడికుందిలే అని ఊరుకున్నాడు.

"మార్జిను ఎంత వదలమంటారు?" అన్నాడు చివరికి. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆవిడని ఒక సలహా అడగడం అదే మొదలు.

"మీ చెయ్యి కొత్త కదా. మూడో వంతు వదలండి."

చెంబునీ గ్లాసునీ దుకాణంలో తిరిగి ఇచ్చేటప్పుడు మాస్టారు కుడిపక్క సంగతి చెప్పాడు. అంచులాయన చెంబుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపి, "పోయినసారి తీసుకెళ్ళినాయన కింద పడేయలేదని ఒట్టేశాడు. ఒట్టేసినప్పుడే అనుమానించాల్సింది" అన్నాడు. మూత పెట్టుకెళ్ళమని తనే ఇంకో రెండ్రోజులు గడువిచ్చాడు.

గురువారం పొద్దున్న కొండకి బయల్దేరుతుంటే అత్తగారు చెప్పులు వేసుకుని గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. కొండంటే మరీ కొండ కాదు, పైదాకా రోడ్డుంది. అయినా మాస్టారు గతుక్కుమన్నాడు. "ఇప్పుడే కదండీ ఆపరేషన్..."

"డాక్టరమ్మని అడిగాను. దుమ్ము పడకుండా నల్లద్దాలు పెట్టుకోమంది. గుడ్డ తీసుకొచ్చేదాకా ఆగి, కుట్టాక తప్పులు పట్టే మనిషిని కాదు నేను. కోసేటప్పుడే చూస్తాను."

కూతురు లోపల్నుంచి, "తీసుకెళ్ళండి, నాకు ఇంట్లో ఒక పూట ప్రశాంతంగా ఉంటుంది" అని కేకేసింది.

ఎండెక్కకముందే పని కావాలి. నేల వేడెక్కితే గాలి సెగలా వణుకుతుంది, ఎంత గొప్ప లెన్సైనా దూరం కొండలు జావైపోతాయి. మాస్టారు రాతిమీద ట్రైపాడు నిలబెట్టి, కదలకుండా దానికి సంచీలో రాళ్ళు నింపి వేలాడదీశాడు. కొండమీద గాలి విసురుగా ఉంది. అత్తగారు గాలికి అడ్డంగా గొడుగు విప్పి పట్టుకుని, నల్లద్దాలతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చూసేవాళ్ళకి ఆవిడే ఫోటోగ్రాఫరనీ, ఈయన సామాను మోసే మనిషనీ అనిపించేది.

మాస్టారు కెమెరా వెనక తెరమీద చెరువుగట్టుని పెద్దది చేసి, వేలితో రింగు తిప్పుతూ ఫోకసు సరిచేసి, మొదటి ముక్క తీశాడు. కాస్త తిప్పాడు.

"కుట్టుకి వదిలారా?"

"వదిలానండీ."

రెండోది. మూడోది. నాలుగోది తీయబోతుంటే, "ఆగండి" అందావిడ. మాస్టారు తలెత్తాడు. "రంగు మారింది. మొదటి మూడూ ఎండలో తీశారు. ఇప్పుడు పొలాలమీద మబ్బు నీడ పడింది. ఇది ఒక్క థానులో గుడ్డ కాదు. కలిపి కుడితే అతుకు కనిపిస్తుంది."

మాస్టారు చూస్తే నిజమే. తెరమీదకి కళ్ళప్పగించి ఆ నీడని ఆయన గమనించనేలేదు. మబ్బు దాటేదాకా ఇద్దరూ గొడుగు కింద కూర్చున్నారు. ఆవిడ, "ఎడంపక్క ఆ పొదలు కూడా రావాలంటే ఇంకాస్త వెనక్కి జరగాలేమో" అంది. మాస్టారు అవునంటూ లేచి, వేళ్ళతో చట్రంలా పట్టి, దాంట్లోంచి లోయని చూస్తూ వెనక్కి ఒకడుగు వేశాడు. ఇంకో అడుగు. ఇంకోటి.

"ఒరేయ్! ఆగరా వెధవా!"

మాస్టారు బిగుసుకుపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే మడమకి జానెడు దూరంలో రాయి అయిపోయింది. దాని కింద రెండు నిలువుల లోతున ముళ్ళకంప. నాలుగడుగులు ముందుకొచ్చి కూలబడ్డాడు.

అత్తగారు గొడుగు వదిలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చావు తప్పినవాడు అల్లుడే గానీ, మొహంలో నెత్తురు లేనిది ఆవిడకి. "అయ్యో, అయ్యో... ఎంత మాట అన్నాను! నోరు జారిందండీ. క్షమించండి. అమ్మాయికి చెప్పకండి" అంటూ గొణుగుతోంది.

మాస్టారికి నవ్వొచ్చింది. పెదవులు బిగబట్టాడు. ఆగలేదు. పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "వెధవా కూడానా అత్తయ్యగారూ!" అన్నాడు.

"కంగారులో వచ్చిందండీ."

"పరవాలేదు. ఆ 'మీరు' పెట్టి 'వెనక్కి చూసుకోండి అల్లుడుగారూ' అనేసరికి నేను కంపలో ఉండేవాణ్ణి."

ఆవిడా నవ్వింది. గొడుగు ఎగిరి వెళ్ళి పొదలో చిక్కుకుంటే ఇద్దరూ కలిసి లాగారు. మబ్బు దాటింది. పొలాలమీద ఒకే ఎండ పరుచుకుంది. ఈసారి మాస్టారు ఏడు ముక్కలూ మొదటినుంచీ, మధ్యలో ఆగకుండా, ఊపిరి బిగబట్టి తీశాడు. ఏడోది అయ్యేసరికి చెరువు అవతలి గట్టు సన్నగా వణకడం మొదలైంది.

"అయిపోయింది. సర్దు" అందావిడ. అని, నాలిక్కరుచుకుని, "సర్దండి" అంది.

ఆ సాయంత్రం కంప్యూటరు ముందు భార్య కూర్చుంది. ఇంట్లో మౌసు కుదురుగా పట్టుకోగలిగింది ఆవిడొక్కతే. ఏడు ముక్కలూ ఒక్కటయ్యాయి. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని మొహం తెరకి ఆనించి, అతుకులున్న ఆరు చోట్లా వేలితో తడిమినట్టు చూసింది. ఒకచోట కరెంటు తీగ దారం పోగంత పక్కకి జరిగిందని పట్టుకుని, మళ్ళీ చేయించింది. "ఈవిడ దగ్గర పదేళ్ళు గౌన్లు కుట్టించుకున్నాను. ఒక్క గుండీ వంకరగా ఉందని మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. మీకిప్పుడు తెలిసొచ్చిందా?" అంది భార్య మొగుడితో. మాస్టారికి ఆ మాట వినపడలేదు. ఎడమ మూల పొదలో ఎండిన ఆకుల ఈనెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

పదిరోజుల తర్వాత ఆసుపత్రి గోడకి కొత్త ఫోటో ఎక్కింది. టోకెన్లిచ్చే గుమాస్తా ఎక్కడలేని ఉత్సాహంగా నిచ్చెన పట్టుకుని, "పైకి, ఇంకా పైకి" అంటూ పురమాయించాడు. రైలు గార్డు ఆ రోజే రెండో పరీక్షకొచ్చాడు. డాక్టరమ్మ ఆయన్ని అదే బెంచీ మీద కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది. మాస్టారు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. అత్తగారు మాత్రం, పరీక్ష రాసి బయటికొచ్చిన మంచి విద్యార్థిలా, నిశ్చింతగా ఉంది.

ఎడమవైపునుంచి కుడివైపుకి, పట్టాలు చూస్తున్నట్టు మెల్లిగా చూసుకుంటూ వెళ్ళాడు గార్డు. తర్వాత లేచి, దగ్గరికెళ్ళి, కుడిచివర చెరువుగట్టు ముందు ఆగాడు.

"ఎడమపక్క బాగైంది" అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకునేలోపే వేలు చూపించాడు. "గట్టుమీద స్కూటరుంది. పసుప్పచ్చ సీటు కవరు, మీద అతుకేశారు. పక్కన గళ్ళచొక్కా మనిషి గాలం వేసి చేపలు పడుతున్నాడు."

అందరూ దగ్గరికొచ్చారు. బొటనవేలంత మనిషి. గళ్ళచొక్కా, పక్కపాపిడి. గార్డు చూపు ఫోటో మీంచి నిచ్చెన మీదకి మళ్ళింది. నిచ్చెన పట్టుకున్న మనిషిదీ అదే గళ్ళచొక్కా.

"నువ్వే కదూ బాబూ?"

గుమాస్తా నిచ్చెన వెనక మొహం దాచుకున్నాడు. డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది. "ఈ ఫోటో ఎప్పుడు తీశారు?"

మాస్టారు అబద్ధమాడే ప్రయత్నంలో ఉండగానే అత్తగారు, "గురువారం పొద్దున్నండీ, మబ్బు దాటాక" అని వివరంగా చెప్పేసింది.

"గురువారం నీకు నడుం పట్టేసిందని సెలవు పెట్టావు" అంది డాక్టరమ్మ గుమాస్తాతో.

గుమాస్తా పాలిపోయాడు. అయినా తేరుకున్నాడు. "పట్టేసిందండీ. కదలకుండా ఒకచోట కూర్చోమన్నారు. చూడండి, ఫోటోలో కూడా కదలకుండానే కూర్చున్నాను."

"నిజమే" అన్నాడు గార్డు, న్యాయం పక్కన నిలబడి. "కదిలితే ఇంత స్పష్టంగా వచ్చేవాడు కాదు."

డాక్టరమ్మ కోపంగా ఉందామని చూసింది గానీ వల్లకాలేదు. ముందు అత్తగారు కిసుక్కుమంది, తర్వాత బెంచీలమీది పేషెంట్లు, కట్టున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ అందుకున్నారు. గుమాస్తా మాస్టార్ని మెట్ల పక్కకి లాగి, "ఆ మూల ఒక్కటీ కాస్త మసక చేయించండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. మాస్టారు అతని భుజం తట్టి, "బాబూ, ఏం చెయ్యమన్నా చేస్తాను గానీ అది మాత్రం అడక్కు" అన్నాడు.

గుమాస్తాకి ఉద్యోగం పోలేదు. సెలవు మాత్రం ఒకటి తగ్గింది. దానికన్నా పెద్ద శిక్ష ఇంకోటి పడింది. కట్టు విప్పినవాళ్ళని డాక్టరమ్మ హాల్లోకి తీసుకొచ్చి, "గట్టుమీద ఏం కనిపిస్తోంది?" అని అడగడం మొదలుపెట్టింది. "స్కూటరు" అంటే సగం పాసు. "ఎవరో చేపలు పడుతున్నారు" అంటే ముప్పాతిక. "అరె, ఈ టోకెన్లబ్బాయే!" అంటే ఆ కంటికి ఇక చుక్కల మందు కూడా అక్కర్లేదని ఇంటికి పంపేసేది. ఆసుపత్రిలో వినికిడి యంత్రం పెట్టుకున్న ముసలివాళ్ళు కూడా గుమాస్తాని చూసి, "ఇవాళ ఏం పడ్డాయి నాయనా?" అని పలకరించేవారు. కొన్నాళ్ళకి అతనే అలవాటుపడి, అడగకముందే చెప్పసాగాడు.

అత్తగారు తన ఊరెళ్ళిపోయింది. స్కూళ్ళు తెరిచే రోజులు దగ్గరపడి, అక్కడ యూనిఫారం గుడ్డలు గుట్టలు పడ్డాయి. మాస్టారు అంచులాయన్ని ఒప్పించి మూతని సొంతం చేసుకున్నాడు. అంచులాయన అమ్మేముందు దాని నాలుగు మూలల ఫోటోలూ మళ్ళీ ఒకసారి చూసి, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు మొహం పెట్టాడు.

స్కూళ్ళు తెరిచాక ఒక శనివారం మధ్యాహ్నం, మాస్టారు పిల్లల డ్రాయింగు పేపర్లు దిద్దుకుంటుండగా ఫోను మోగింది. భార్య తీసింది. రెండు నిమిషాలు విని, మూతి ముడుచుకుని ఫోను మొగుడికి అందించింది. "మా అమ్మ. నేను ఎలా ఉన్నానో అడగలేదు. మీరు కావాలట."

"అల్లుడుగారూ" అంది అవతలి గొంతు హడావిడిగా. "మా ఊరి నూలుమిల్లు వెనకాల ఒక మెరక ఉంది. ఇవాళ పొద్దున్న దుకాణానికి వెళ్తూ చూశాను. అక్కణ్ణించి ఏటిమీది రెండు వంతెనలూ, అవతలి మామిడితోటా మొత్తం కనిపిస్తున్నాయి. ఏడు గంటలకి వంతెనలమీద ఎండ భలే పడుతోంది. నా లెక్కకి తొమ్మిది ముక్కలు పడతాయి. మార్జినుతో కలిపే చెప్తున్నాను. మెరక వెనక గొయ్యి కూడా లేదు, చూసుకున్నాను. రేపు మొదటి బస్సుకి వచ్చెయ్యండి. మూత మర్చిపోకండి."

"అమ్మాయిని కూడా తీసుకురానా?" అన్నాడు మాస్టారు.

"ఖాళీగా ఉంటే రమ్మనండి. గొడుగు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి."

భార్య ఫోను లాక్కుని, "అమ్మా!" అని అరిచింది. తర్వాత గదిలోకెళ్ళి, సణుక్కుంటూనే, గొడుగుకోసం వెతకడం మొదలుపెట్టింది.